విండోస్ 98లో డయలప్: కనెక్షన్ మాటిమాటికీ తెగిపోతుంటే

సముద్రతీరం దగ్గరి సింగరాయకొండ ప్రాంతంలో, ఫోను లైను మీద ఇంటర్నెట్ (డయలప్) తెగిపోతున్న ఒక విండోస్ 98 సిస్టంకి బయటి మోడెం (ఫోను లైనుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) పెట్టి సరిచేసిన పద్ధతి ఇది.

ముందు సీరియల్ పోర్టు, అంటే కంప్యూటర్‌కి మోడెం తగిలించే చోటు. కంట్రోల్ పానెల్‌లో మోడెమ్స్, డయాగ్నోస్టిక్స్, మోర్ ఇన్ఫో నొక్కితే పోర్టు చిప్పు రకం కనబడుతుంది. 16550 ఉండాలి. 8250, 16450లకు ఒక్క బైటు బఫరే (వచ్చిన డేటాని కాసేపు పట్టి ఉంచే చోటు). వేగం పెంచితే డేటా రాలిపోతుంది. 16550 ఉన్న కార్డు వేసుకోవడమే దారి. పోర్టు వేగం సెకనుకి 115200 బిట్లు పెట్టాను.

డయలప్ కనెక్షన్ ప్రాపర్టీస్‌లోని సర్వర్ టైప్స్‌లో టీసీపీ/ఐపీ (ఇంటర్నెట్ వాడే పద్ధతి) ఒక్కటే ఉంచి, 'లాగాన్ టు నెట్‌వర్క్' టిక్కు తీసేస్తే లాగిన్ త్వరగా అవుతుంది.

అసలు తంటా లైనులోనే ఉంది. ఫోనులో ఒక అంకె నొక్కితే టోన్ ఆగుతుంది. అప్పుడు గరగర వినిపిస్తే రోజెట్ పెట్టె (గోడకి ఉన్న ఫోను తీగల పెట్టె) విప్పండి. సముద్రపు ఉప్పుగాలికి లోపలి రాగి పచ్చగా చిలుమెక్కుతుంది. తీగ చివర సెంటీమీటరు కత్తిరించి, కొత్త రాగి తేల్చి బిగించాలి. చేతులు పొడిగా ఉంచుకోండి, మధ్యలో రింగు వస్తే షాకు కొడుతుంది. గదుల్లోకి లాగి వదిలేసిన పాత పారలల్ (అదనపు ఫోను) తీగలు కూడా పీకేయాలి, అవి సిగ్నల్‌ని వెనక్కి కొట్టి వేగం తగ్గిస్తాయి. ఫోనుని మోడెం వెనక 'ఫోన్' జాక్‌కే తగిలించాలి.

కాల్ వెయిటింగ్ తీయించండి, దాని బీప్‌కి కనెక్షన్ తెగవచ్చు. మోడెం ప్రాపర్టీస్‌లోని ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో S10=50 రాస్తే సిగ్నల్ పోయినా మోడెం 5 సెకన్లు ఆగుతుంది. అయినా తెగుతుంటే +MS=V34 (పాత, నెమ్మది పద్ధతి) అని చేర్చి చూడండి; వేగం సెకనుకి 33,600 బిట్లు దాటదు గానీ, చాలా మోడెంలలో కనెక్షన్ నిలుస్తుంది. ఉరుములప్పుడు కరెంటు ప్లగ్గుతో పాటు టెలిఫోన్ తీగ కూడా పీకాలి.