నొప్పులు మొదలయ్యాక ఏం తాగాలి, ఏం తినాలి: ముందే అడిగి ఉంచుకోండి

నెలలు నిండేసరికి బ్యాగు సర్ది పెట్టుకుంటాం. మెత్తని పాత చీరలు, బిడ్డ బట్టలు, ఫ్లాస్కు, రిపోర్టుల ఫైలు. ఒక్క ప్రశ్న మాత్రం అడగడం మర్చిపోతాం: "నొప్పులప్పుడు నోటికి ఏమైనా ఇవ్వొచ్చా?" తొమ్మిదో నెల చెకప్‌లోనే అడిగేయండి. షుగరు, బీపీ, కవలలు, పాత సిజేరియన్ లాంటివి ఉంటే జవాబు వేరుగా ఉంటుంది. అప్పుడు డాక్టర్ మాటే వినాలి, నా మాట కాదు.

నొప్పులు మొదలైతే నోటికి ఏమీ ఇవ్వకూడదంటారు చాలామంది. అసలు ఈ పస్తు ఎక్కడి నుంచి వచ్చింది? 1946లో అమెరికాలో కర్టిస్ మెండెల్సన్ అనే డాక్టర్ 44,016 కాన్పుల లెక్క తీశాడు. మత్తులో ఉండగా కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయినవాళ్లు 66 మంది. గట్టి ఆహారం గొంతుకు అడ్డుపడి ఇద్దరు చనిపోయారు. ఆ రోజుల్లో ముఖానికి మాస్కు పెట్టి పూర్తి మత్తు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు సిజేరియన్‌కి ఎక్కువగా వెన్నులోనే ఇంజెక్షన్ ఇస్తున్నారు కాబట్టి ఆ భయం బాగా తగ్గింది. ఏ ఇబ్బందీ లేని కాన్పుల్లో తాగనివ్వాలి, తిననివ్వాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అయినా ఉన్నట్టుండి పూర్తి మత్తు అవసరం పడొచ్చు. అందుకే చాలా ఆసుపత్రుల్లో ద్రవాలకే ఒప్పుకుంటారు.

ఇంట్లో సన్నగా నొప్పులు వస్తున్నప్పుడు, డాక్టర్ సరేనంటే, ఒక ఇడ్లీ, రాగి జావ, అరటిపండు లాంటివి చాలు. "బలం కావాలి" అంటూ బిరియానీ, పూరీలు పెట్టకండి. నొప్పుల్లో కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, వాంతులూ మామూలే. నొప్పులు తొందరగా రావాలని ఆముదం తాగించడం అసలే వద్దు. విరేచనాలై మనిషి నీరసించిపోతుంది.

మా చెల్లెలి కాన్పుకి నేను తోడున్నాను. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరూ నీళ్లివ్వలేదు, మేమూ అడగలేదు. పెదాలు ఎండి పగిలాయి, నాలుక అంగిటికి అతుక్కుపోతోంది. చివరికి నర్సమ్మని అడిగితే, "గుటక గుటకగా ఇవ్వండమ్మా, ఎవరు వద్దన్నారు?" అంది. నొప్పి వదిలిన ఆ రెండు నిమిషాల్లో చెంచాతో కొబ్బరి నీళ్లు పోశాను. నాలుగో చెంచాకి కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకుంది.

అలాగని చెంబులకొద్దీ తాగించకూడదు. ముఖ్యంగా నొప్పులు పెంచే డ్రిప్పు ఎక్కుతుంటే నీరు ఒంట్లో నిలిచిపోయి రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోవచ్చు. తలనొప్పి, మగత, మాట తడబాటు కనిపిస్తే వెంటనే నర్సుని పిలవండి. రెండు మూడు గంటలకోసారి మూత్రానికి లేపండి. నొప్పి తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చారంటే, ఇంకా తాగించవచ్చో లేదో మళ్లీ అడగండి. ముందే రోజు ఖాయం చేసిన ఆపరేషన్ అయితే మామూలుగా ఆరు నుంచి ఎనిమిది గంటల ముందే భోజనం ఆపమంటారు, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు. పాలు, మజ్జిగ నీళ్ల లెక్కలోకి రావు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. రాత్రికి చెల్లెల్ని ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే మత్తు డాక్టర్, "చివరగా ఎప్పుడు తిన్నారు?" అని అడిగాడు. అమ్మ భయపడి "ఏమీ తినలేదండీ" అనేసింది. గంట క్రితం చీర కొంగు చాటున సగం ఇడ్లీ పెట్టింది తనే! నేను చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. కడుపులో పులుపు తగ్గించే మందు ఇచ్చి, వెన్నులో ఇంజెక్షన్‌తో పని కానిచ్చాడు. తిట్లకి భయపడి దాచకండి. ఏది, ఎంత, ఎన్ని గంటలకు అన్నది ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

కాన్పయ్యాక "బాలింతకి నీళ్లు పడవు" అనే పెద్దలు ఉంటారు. మామూలు కాన్పయితే నర్సుని అడిగి వెంటనే తాగించండి, ఆకలేస్తే తినిపించండి. ఆపరేషన్ అయితే ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్లే చెబుతారు. పత్యం పేరుతో దాహాన్ని మాత్రం ఆపకండి.