ఓయి ముచిమ్: కీరాతో అరగంట పని

కొరియాలో అన్నం పక్కన వడ్డించే చిన్నచిన్న వంటకాలను బాంచాన్ అంటారు. వాటిలో చాలా త్వరగా అయిపోయేది ఓయి ముచిమ్. ఓయి అంటే కీరా, ముచిమ్ అంటే మసాలా పట్టించి కలిపినది.

గింజ ముదరని లేత కీరాలు రెండు, సుమారు 300 గ్రాములు, తొక్కతోనే అర సెంటీమీటరు మందాన చక్రాల్లా కోయండి. అర టీస్పూను ఉప్పు కలిపి 15 నిమిషాలు వదిలేయండి. ముక్కను వంచితే విరగకుండా వంగాలి, అదే గుర్తు. అప్పుడు గుప్పిట్లో పట్టి గట్టిగా పిండండి, కడగొద్దు. ఇక్కడ తొందరపడితే కారం ముక్కకు పట్టదు, గిన్నెలో ఎర్రనీళ్లు తేలతాయి.

ఇక టేబుల్‌స్పూను గొచుగారు (కొరియా కారం), దంచిన వెల్లుల్లి రెబ్బ, టీస్పూను సోయా సాస్, రెండు టీస్పూన్ల వెనిగర్, టీస్పూను పంచదార, కాస్త ఉల్లికాడ వేసి చేత్తో కలపండి. నువ్వుల నూనె టీస్పూను, వేయించిన నువ్వులు చివర్లోనే. నూనె ముందు పడితే మసాలా జారిపోతుంది.

గొచుగారు అంటే కొరియా ఎండుమిర్చి రవ్వ. రంగెక్కువ, ఘాటు తక్కువ. దాని కొలతలో గుంటూరు కారం వేస్తే నోట పెట్టలేరు. దొరక్కపోతే గింజలు తీసిన బ్యాడిగి మిర్చిని మిక్సీలో బరకగా పట్టుకోండి. నూనె విషయమూ అంతే: కొరియా వాళ్లది వేయించిన నువ్వులతో తీసినది, మన గానుగ నూనెకు ఆ కమ్మటి వాసన రాదు. మన నూనె వాడితే దోరగా వేయించిన నువ్వులు ఇంకో చెంచా నలిపి వేయండి.

కలిపిన పూటే తినేయాలి, మర్నాటికి మళ్లీ నీరు ఊరుతుంది.