పాత కార్బురేటర్ బండికి ఇ20 పెట్రోలు: ముందు కొలిచి, తర్వాత జెట్ మార్చండి

ఇ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మీ పెట్రోలులో ఎంత ఉందో చూడటానికి గాజు మెజరింగ్ సిలిండర్‌లో 10 మి.లీ. నీళ్లు, పైన 90 మి.లీ. పెట్రోలు పోయండి. ఆరుబయట, నిప్పుకు దూరంగా. మూత బిగించి నిమిషం ఊపండి, మధ్యమధ్య మూత వదులు చేసి ఆవిరి పోనివ్వండి. పది నిమిషాలు కదపొద్దు. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగు పొర 28 గీత దగ్గరికి వస్తే 20 శాతం కలిసినట్టే. ఆ పెట్రోలు మళ్లీ ట్యాంకులో పోయకండి.

కిలో మామూలు పెట్రోలుకు 14.7 కిలోల గాలి కావాలి, ఇ20కి సుమారు 13.5 చాలు. ఇంజెక్షన్ బండిలో ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడా సర్దుతుంది. గాలి, పెట్రోలు కలిపే కార్బురేటర్ దాన్ని సర్దలేదు, అందుకే మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు: పొద్దున్నే స్టార్టింగ్ మొండికేస్తుంది, యాక్సిలేటర్ తిప్పగానే బండి తడబడుతుంది, ప్లగ్గు మొన ఇటుక రంగు పోయి తెల్లగా పాలిపోతుంది.

మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రమున్న ముక్క) ఒక్క సైజే పెంచండి. గాలిని సర్దే ఎయిర్ స్క్రూ ఉంటే పావు చుట్టు లోపలికి తిప్పండి. పెట్రోలును సర్దే ఫ్యూయల్ స్క్రూ అయితే బయటికి. ఇంకా పెంచితే, ఇథనాల్ వల్ల తగ్గిన కార్బన్ మోనాక్సైడ్ మళ్లీ పొగలోకి వచ్చేస్తుంది. ఎసిటాల్డిహైడ్ అనే హానికర వాయువు మాత్రం ఎటూ పెరుగుతుంది. లీటరులో శక్తి సుమారు 7 శాతం తక్కువ, ఆ మేరకు మైలేజీ పడితే జెట్‌ను తప్పుపట్టకండి.

పెట్రోలు పైపు గిల్లి చూడండి: మెత్తగా ఉబ్బినా, పగుళ్లు కనిపించినా ఆ రోజే మార్చేయండి.