ఎమర్జెన్సీ డిసెంట్ సాధన: కడప ఎత్తు వేరు, పుట్టపర్తి ఎత్తు వేరు

ఇంజిన్‌లో మంట, క్యాబిన్‌లో పొగ, పక్క సీటాయనకు గుండెనొప్పి. ఇలాంటప్పుడు గబగబా దిగాలి (ఇదే ఎమర్జెన్సీ డిసెంట్) గానీ విమానం విరగకూడదు. ఈ సాధన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా వద్దు. కింది అంకెలు సెస్నా 172ఎస్ అనే నాలుగు సీట్ల చిన్న విమానానివి. వేరే విమానమైతే దాని హ్యాండ్‌బుక్ చూసుకోండి.

ముందు ఎత్తు లెక్క. ఆల్టిమీటర్ చూపేది సముద్రమట్టం నుంచి ఎత్తు. కడప రన్‌వే దాదాపు 430 అడుగుల్లో ఉంటే, పుట్టపర్తిది దాదాపు 1,550. ముల్లు 3,000 మీద ఉంటే కడపలో కింద రెండున్నర వేల అడుగుల జాగా ఉన్నట్టు, పుట్టపర్తిలో 1,450 మాత్రమే. పైగా కడప దక్షిణాన పాలకొండలు, పుట్టపర్తి చుట్టూ గుట్టలు. అందుకే రన్‌వే ఎత్తు కాదు, కింద ఉన్న గుట్ట శిఖరం ఎత్తు తీసుకోండి. దానికి 2,000 అడుగులు కలిపి, డిసెంట్ ఆపే అంకెను మోకాలి మీది ప్యాడ్‌లో రాసుకోండి. అంతకు మరో రెండు వేలు పైన మొదలుపెట్టండి.

సీమ ఎండాకాలంలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. కాగిన బండల మీద గాలి ఎగదన్నుతుంది. పొద్దున్నే మేలు.

టవర్‌కు చెప్పి, రెండు వైపులా తిరిగి కింద ఎవరూ లేరని చూసుకోండి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) పైకి, థ్రాటిల్ (ఇంజిన్ పవర్ మీట) ఐడిల్, అంటే కనిష్ఠానికి. కార్బ్యురేటర్ ఉన్న పాత విమానమైతే కార్బ్ హీట్ (కార్బ్యురేటర్‌లో మంచు పట్టకుండా వేడిగాలి పంపే మీట) ముందే లాగాలి. తర్వాత 30 నుంచి 45 డిగ్రీల బ్యాంక్ (రెక్కల పక్కవాటు వంపు) వేస్తూ ముక్కు దించండి. బ్యాంక్ లేకుండా ముక్కును ఒక్కసారిగా నెడితే సీట్లోంచి లేస్తారు, కింద పడున్న పెన్నులూ లేస్తాయి. తిరుగుతూ దిగితే కింద ఏముందో కూడా కనిపిస్తుంది.

గాలి నిశ్చలంగా ఉంటే 129 నాట్లు (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) దాటొద్దు. కుదుపులుంటే పూర్తి బరువులో 105, తేలికగా 860 కిలోల దగ్గర ఉంటే 90. బరువు తగ్గితే ఈ హద్దూ తగ్గుతుంది, చాలామంది తడబడేది ఇక్కడే.

అసలు ప్రమాదం స్పైరల్, అంటే సుడి తిరుగుతూ కిందికి జారడం. బ్యాంక్ 45 దాటిందా, ముక్కు జారుతుంది, వేగం పెరుగుతుంది. భయపడి యోక్ (విమానాన్ని నడిపే చక్రం) లాగితే మలుపు ఇంకా బిగుస్తుంది, రెక్కల మీద భారం పెరుగుతుంది. ముందు రెక్కలు సమం చేయండి, ఆ తర్వాతే మెల్లగా లాగండి.

వర్టికల్ స్పీడ్ (నిమిషానికి దిగే అడుగులు) 2,000 చూపిస్తుంటే రాసుకున్న ఎత్తుకు 200 అడుగుల ముందే ఆపడం మొదలుపెట్టాలి. ముక్కు సమమై వేగం తగ్గుతున్నప్పుడు పవర్ నెమ్మదిగా ఇవ్వండి. చాలాసేపు ఐడిల్‌లో దిగితే సిలిండర్లు చల్లబడిపోతాయి. మధ్యమధ్యలో కాస్త థ్రాటిల్ తెరవాలి. ఇంజిన్ మళ్లీ వేడెక్కాకే రెండోసారి.

ఇంజిన్ మంట డ్రిల్‌లో మిక్స్చర్ (గాలిలో ఇంధనం పాళ్లు మార్చే మీట), ఫ్యూయల్ షటాఫ్ (ఇంధనం ఆపే మీట), మాస్టర్ స్విచ్ (కరెంటు మొత్తానికి స్విచ్), క్యాబిన్ హీట్ వరుసగా చేత్తో తాకి పేరు చెప్పడమే, ఏదీ లాగొద్దు, కట్టొద్దు. నిజంగా మంటొస్తే 100 నాట్లు. ఆరకపోతే వేగం ఇంకా పెంచాలి. ఆపేసిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేసే ప్రయత్నం చేయకూడదు.