ముట్లు నిలిచే వయసులో ఏది మామూలు, ఏది కాదు

అనంతపురం పక్క పల్లెల్లో ఏఎన్ఎంగా ఇరవై ఏళ్లు పైనే తిరిగాను. నలభై అయిదు దాటిన ఆడమనిషి ఏ బాధ చెప్పుకున్నా ఇంట్లో ఒకటే మాట: "వయసు మీద పడ్తాంది, అట్లే ఉంటాది." ఆ మాట నమ్మి ఊరుకున్నవాళ్లను చూసి నాకు కడుపు తరుక్కుపోయేది. అందుకే ఇది రాస్తున్నా.

పన్నెండు నెలలు వరసగా ముట్టు రాకపోతే నిలిచిపోయినట్టు లెక్క. ఎక్కువమందికి 45-55 ఏళ్ల మధ్య జరుగుతుంది. అంతకు కొన్నేళ్ల ముందునుంచే బాధలు మొదలవుతాయి.

ఉన్నట్టుండి సెగ, చెమట

డిసెంబరులో ఒక పొద్దున అరుగు మీద ఆడవాళ్లంతా దుప్పట్లు కప్పుకుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తున్నారు. ఒకక్క మాత్రం కొంగుతో మెడ తుడుచుకుంటోంది. మొహం ఎర్రబడింది. "జ్వరమేమో చూడు పాపా" అంది. థర్మామీటరు పెడితే 98.4. నాలుగు నిమిషాలకు సెగ దిగింది, ఆ వెంటనే చలి పుట్టి ఆమె కూడా దుప్పటి లాక్కుంది.

అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గేసరికి ఒంటి వేడిని సరిచూసే మెదడు భాగం చిన్న తేడాకే ఉలిక్కిపడి చెమట పట్టిస్తుంది. నూలు బట్టలు కట్టండి. రాత్రి పక్కన తడిగుడ్డ, చెంబెడు నీళ్లు ఉంచుకోండి. కాఫీ తాగినాక, కారం తిన్నాక సెగ వస్తోందా గమనించి, వస్తుంటే తగ్గించండి. నిద్ర, పని చెడేంతగా ఉంటే హార్మోను మందులున్నాయి. అరవై లోపువాళ్లకు, ముట్లు నిలిచి పదేళ్లు దాటనివాళ్లకు డాక్టరు చూసి ఇస్తారు. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటివి వచ్చినవాళ్లకు సాధారణంగా ఇవ్వరు. మెడికల్ షాపులో అడిగి సొంతంగా కొనుక్కోవద్దు.

రక్తం పోవడం

నెలలు అటూ ఇటూ కావడం మామూలే. వారం దాటి పోతున్నా, గంటకో ప్యాడ్ తడుస్తున్నా మామూలు కాదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, స్కానింగ్ చేయించాలి.

ముట్లు నిలిచి ఏడాది దాటినాక ఒక్క చుక్క కనబడినా ఆ వారంలోనే ఆసుపత్రికి పోండి. చాలామందిలో గర్భసంచి లోపొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో కారణం. కొందరిలో అది గర్భసంచి క్యాన్సర్. తొందరగా పట్టుకుంటే నయమవుతుంది. "మళ్లీ ముట్టొచ్చిందిలే" అని నెలలు గడిపినవాళ్లను నేను చూశాను.

దీనికి వ్యతిరేకమైన తప్పూ మన దగ్గర జరుగుతోంది. ప్రతి రక్తస్రావానికీ "గర్భసంచి తీసేస్తే పీడ పోతుంది" అంటారు. సంతకం పెట్టేముందు మూడు అడగండి: జబ్బు పేరేమిటి, మాత్రలతోనో, గర్భసంచిలో పెట్టే హార్మోను లూపుతోనో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా. అవీ తీసేస్తే ఈ మార్పంతా ఒక్కసారిగా మీద పడుతుంది, ఎముకలూ ముందే బలహీనమవుతాయి. ఇంకో డాక్టరుకు చూపిస్తామంటే ఎవరూ కాదనకూడదు.

నిద్ర పట్టదు, చిరాకు, గుండె దడ

రాత్రి సెగలతో నిద్ర చెడితే పగలు చిరాకు వస్తుంది. రక్తహీనతకూ థైరాయిడ్‌కూ ఇవే లక్షణాలు గనుక ఆ పరీక్షలు మానొద్దు. నడిస్తే ఎదలో బరువు, ఆయాసం వస్తే ఈసీజీ తీయించండి. రెండు వారాలు దాటి దిగులు వదలకపోతే అదీ డాక్టరుకు చెప్పాల్సిన జబ్బే.

మూత్రంలో మంట, కలిసినప్పుడు నొప్పి

ఇది నాకు ఎవరూ ముందుగా చెప్పరు, తలుపు దగ్గరికొచ్చి వెనక్కి తిరిగి చెబుతారు. సిగ్గుపడే పని లేదమ్మా. లోపలి చర్మం పొడిబారి పలచబడుతుంది, అంతే. లోపల సబ్బు వాడకండి. కలిసేటప్పుడు జెల్లీ వాడొచ్చు. డాక్టరు రాసే ఈస్ట్రోజెన్ క్రీముతో చాలామందికి తగ్గుతుంది. మంట మళ్లీమళ్లీ వస్తే మూత్రం, షుగర్ పరీక్షించాలి.

నడుము, కీళ్ల నొప్పులు

ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముక త్వరగా గుల్లబారుతుంది. రోజుకు సుమారు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 ఉంటుంది. సంగటి మనకు కొత్త కాదు, దానికి పెరుగు, ఆకుకూర, నువ్వులు తోడు చేసుకోండి. రోజూ అరగంట ఎండ తగిలేలా నడవండి. కాల్షియం, ఐరన్ మాత్రలు ఒకేసారి మింగొద్దు.

ఇంకొకటి. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్లు గారపట్టి, వెన్ను బిగిసి, ఇంట్లో మగవాళ్లకూ అవే నొప్పులుంటే అది ముట్లు నిలవడం వల్ల కాదు. ముందు తాగే నీళ్లు పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు నీళ్లు తాగడానికీ వంటకీ వాడొద్దు.