నియమగిరి సంతలో డొంగ్రియా వాళ్లను ఎలా కలవాలి?

మాది ఒడిశాలోని రాయగడ. విశాఖ నుంచో పార్వతీపురం నుంచో చుట్టాలు వస్తే, మజ్జిగౌరి అమ్మవారి దర్శనం అవగానే ఒక మాట అడుగుతారు: "ఇక్కడ డొంగ్రియా వాళ్లు ఉంటారట కదా, చూపిస్తావా?" వాళ్లు అడిగేది నియమగిరి కొండల్లో ఉండే డొంగ్రియా కొంధు గిరిజనుల గురించి. ఆ "చూపిస్తావా" దగ్గరే నాకు మనసు చివుక్కుమంటుంది. ఎవరో మన వీధిలోకి వచ్చి మన ఆడవాళ్ల ముక్కుపుడకల్ని వింతగా చూస్తే మనకెలా ఉంటుంది? నిజంగా కలిసి నాలుగు మాటలు మాట్లాడాలని ఉంటే మాత్రం దానికి ఒక పద్ధతి ఉంది.

ముందు సంత ఏ రోజో చూసుకోండి

కొండమీది ఊళ్లకు నేరుగా బయల్దేరకండి. ఒడిశాలో ప్రభుత్వం ప్రత్యేకంగా గుర్తించిన 13 ఆదిమ తెగల్లో డొంగ్రియా కొంధులు ఒకరు. ఇలాంటి తెగల ఊళ్లకు పర్యాటకులు వెళ్లడం మీద, వాళ్ల ఫోటోలు, వీడియోలు తీయడం మీద 2012లో ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. పనిబడి ఊళ్లోకే వెళ్లాల్సి వస్తే ముందు కలెక్టరు ఆఫీసులో అడిగి వెళ్లండి. మామూలు ప్రయాణికులకు సంత చాలు. అక్కడికి వాళ్లు అమ్ముకోవడానికి వస్తారు, మనం కొనుక్కోవడానికి వెళ్తాం. ఎవరికీ మొహమాటం ఉండదు.

బుధవారం చాటికోన సంత. నియమగిరి కొండల కింద, బిస్సం కటక్ దగ్గర. రాయగడ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. రైల్లో అయితే విజయనగరం–రాయపూర్ లైన్లో బిస్సం కటక్ స్టేషన్లో దిగాలి. కోరాపుట్ వైపు ఉన్నవాళ్లకు శుక్రవారం కుందులి సంత ఉంది. చాలా పెద్దది, కానీ డొంగ్రియా వాళ్ల కోసమైతే చాటికోనకే వెళ్లాలి.

పొద్దున్నే చేరుకోండి. జేబులో 10, 20 రూపాయల నోట్లు ఉంచుకోండి, ఫోన్‌పే మీద ఆధారపడకండి. దోమల మందు రాసుకోండి, ఇది మలేరియా ప్రాంతం.

కూర్చుని కొనండి

చిన్నప్పుడు మా అమ్మ వెనకాల సంచి పట్టుకుని సంతకు వెళ్లేవాణ్ని. అమ్మ ముందు ఏమీ కొనకుండా సంతంతా ఒక రౌండు తిరిగేది. తర్వాత ఒకావిడ కుప్ప ముందు గొంతుక్కూర్చునేది. నిలబడి కిందికి చూస్తూ బేరం చేయకూడదనేది. అడ్డాకుల మూటలోంచి ఒక పసుపుకొమ్ము తీసి టప్పుమని విరిచేది. లోపల చిక్కటి నారింజ రంగు. ఆ చప్పుడుకు అవతలావిడ తలెత్తి నవ్వేది, సరుకు తెలిసిన మనిషి వచ్చిందని. అమ్మకు ఒడియా అంతంతమాత్రమే, అయినా అక్కడి నుంచి ఇద్దరి మాటలు ఆగేవి కావు.

పసుపు, కొండచీపుళ్లు, పనస, అనాస ఏ కాలానికా కాలం దొరుకుతాయి. ఆ బరువు తలమీద పెట్టుకుని వాళ్లు చీకటితోనే కొండ దిగుతారు. సంతకు చేరకముందే దళారులు దారి కాచి అగ్గువకు లాక్కోవడం ఇక్కడ పాత బాధ. ఆ తర్వాత మనం కూడా ఐదు రూపాయల కోసం గీచి గీచి బేరమాడటం అన్యాయం.

మాట కలపడం

"జుహార్" అనండి, దండం పెట్టినట్టే. పెద్దావిడైతే "మౌసీ" అనండి, మనం పిన్ని అన్నట్టు. ధర అడగడానికి ఒడియాలో "కేతే?" (ఎంత?) అంటే చాలు. వాళ్ల ఇంటి భాష కువి. ద్రావిడ భాషల్లో కువి, తెలుగు ఒకే కొమ్మవి. ఇంటిని కువిలో కూడా "ఇల్లు" అనే అంటారు. ఆ ఒక్క మాట దొరికితే మొహాలు ఎలా విచ్చుకుంటాయో చూడాలి! పంట గురించి, పిల్లల గురించి అడగండి. ఒంటిమీద నగల గురించి, జడలో పెట్టుకునే చిన్న కత్తి గురించి ఆరాలు తీయకండి.

గని గొడవ మీరు తెలుసుకుని వెళ్లండి, కానీ వాళ్లను గుచ్చిగుచ్చి అడగకండి. నియమగిరిలో బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. 12 ఊళ్లలో సభలు పెడితే 12 ఊళ్లూ వద్దన్నాయి. సంత నుంచి మనకు కనిపించే ఆ కొండ వాళ్లకు నియమరాజు, దేవుడు.

కొందరు భుజాన వేసుకునే శాలువా కపడాగండా. తెల్లటి ముతక గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండల్లాంటి త్రికోణాలు కుడతారు. 2024లో దీనికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానికే చెందిన సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది. ఆడపిల్లలు అన్నకో తమ్ముడికో మనసైనవాడికో కుట్టి ఇచ్చేది అది. ఒంటిమీది శాలువాను విప్పి అమ్మమని అడిగినవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయకండి. అమ్మకానికి కుట్టినవి ఉంటే కొనుక్కోండి.

ఫోను జేబులోనే

మా చుట్టాలబ్బాయి ఒకసారి అడగకుండా ఫోనెత్తాడు. చిక్కుడుకాయలు అమ్ముతున్న ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత కాయలన్నీ మూటకట్టుకుని లేచి వెళ్లిపోయింది. సగం సరుకు అమ్ముడుపోకుండానే ఉండిపోయింది. ఆ రోజు ఆవిడకు పోయిన డబ్బు మా వల్లే పోయింది.

ఎవరైనా ఆనపబుర్రలోంచి చోడి (రాగి) అంబలి పోస్తే రెండు చేతులా పుచ్చుకుని ఒక గుక్కయినా తాగండి. జీలుగు కల్లు వద్దనుకుంటే నవ్వుతూ వద్దనండి, ఎవరూ ఏమీ అనుకోరు. మీరు మాత్రం ఎవరికీ మందు కొనిపెట్టకండి. పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు పంచకండి.

మళ్లీ వెళ్తే అదే మనిషి దగ్గర కొనండి. మా అమ్మకు చాటికోనలో అలా ఒక పసుపావిడ ఉండేది. అమ్మ వెళ్లని వారం కూడా ఆవిడ నాలుగు మంచి కొమ్ములు అడ్డాకులో చుట్టి పక్కన పెట్టేది.