మారిషస్, మాల్దీవులు చూడాలనుకునే గోదావరి వాళ్లకు: మొదటి పాస్‌పోర్టు దరఖాస్తు విధానం

ఏప్రిల్ నెలాఖరుకు డెల్టాలో దాళ్వా కోతలు అయిపోతాయి. కాలువలు కట్టేస్తారు. పిల్లలకు సెలవులు వస్తాయి. ఏడాదిలో ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికైనా వెళ్లగలిగేది ఆ నలభై రోజుల్లోనే. సముద్రం మనకు కొత్త కాదు. అంతర్వేది, ఓడలరేవు గంట ప్రయాణం. కానీ అక్కడ కెరటం గోదావరి ఒండ్రు కలిసి మట్టిరంగులో ఉంటుంది. అడుగున ఇసుక కనపడేంత తేటగా, నీలంగా ఉండే దీవి సముద్రాన్ని ఒక్కసారైనా చూడాలని మా నెట్ సెంటర్‌కు వచ్చేవాళ్లు చాలామంది అంటుంటారు.

బాధ ఏంటంటే, అందులో సగం మంది టికెట్ కొనేశాక వస్తారు. ఆఫర్ ఉందని మే నెలకు విమానం బుక్ చేసి, మార్చిలో పాస్‌పోర్టుకు అప్లై చేయమంటారు. అప్పుడు ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు బయటపడతాయి. డబ్బు పోతుంది, పిల్లల మొహాలు చిన్నబోతాయి. అది చూడలేకే ఇదంతా రాస్తున్నాను. ముందు కాగితాల్లో పేర్లు, తర్వాత పాస్‌పోర్టు, ఆ తర్వాతే టికెట్. ఈ వరస తప్పకండి.

అండమాన్ వెళ్లేవాళ్లకు ఇదేమీ అక్కర్లేదు. శ్రీ విజయపురం (నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్), హావ్‌లాక్ చూడటానికి మనకు పాస్‌పోర్టు గానీ పర్మిట్ గానీ అవసరం లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. లక్షద్వీప్ కూడా మన దేశమే అయినా అక్కడికి ముందుగా ప్రవేశ పర్మిట్ తీసుకోవాలి. పాస్‌పోర్టు కావలసింది దేశం దాటే దీవులకు.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

మే నెలలో వెళ్లేవాళ్లయితే సంక్రాంతికి. దానికో కారణం ఉంది. పిల్లల పాస్‌పోర్టుకు తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న తండ్రి ఊళ్లో దొరికేది ఆ నాలుగు రోజులే. ఇంకోటి, మారిషస్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం, మే వచ్చేసరికి చల్లబడుతుంది. మాల్దీవుల్లో అటుదిటు: మే నుంచి అక్టోబరు దాకా వానలు, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి వాతావరణం. కాబట్టి వేసవి సెలవులకు మారిషస్, సంక్రాంతి సెలవులకు మాల్దీవులు మంచివని నా అభిప్రాయం.

మారిషస్ అంటే నాకు ఇంకో మమకారం కూడా ఉంది. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో పనికి మనవాళ్లు చాలామంది ఓడలెక్కింది గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచే. అందుకే అక్కడి తెలుగువాళ్లను చాలాకాలం ‘కోరంగీలు’ అనే పిలిచారు. ఉగాదికి ఆ దేశంలో ఇప్పటికీ ప్రభుత్వ సెలవు. పోర్ట్ లూయిస్‌లో కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ మెట్లు ఇంకా ఉన్నాయి. వెళ్తే వాటి దగ్గర కాసేపు ఆగండి.

పేరు: అన్నిటికన్నా పెద్ద చిక్కు

మన ప్రాంతంలో పిల్లాడు అన్నవరం మొక్కుతో పుడితే వీర వెంకట సత్యనారాయణ అని పెడతాం. బడిలో వేసేటప్పుడు మాస్టారు దాన్ని ఇంటిపేరుతో కలిపి నాలుగు పొడి అక్షరాలు చేసి, చివర సత్యనారాయణ అని రాసుకుంటారు. టెన్త్ సర్టిఫికెట్ అలాగే వస్తుంది. ఆధార్‌లో మొత్తం పేరు ఉంటుంది, పాన్‌లో ‘వెంకట’ ఎగిరిపోతుంది. ఊళ్లో ఆ ముగ్గురూ ఒకరేనని అందరికీ తెలుసు. పాస్‌పోర్టు కౌంటర్‌లో మాత్రం ముగ్గురు మనుషులే.

పాస్‌పోర్టు ఫారంలో పొడి అక్షరాలు కుదరవు. ప్రతిదీ విప్పి పూర్తిగా రాయాలి. రెండు గడులు ఉంటాయి. ‘సర్‌నేమ్’ గడిలో ఇంటిపేరు, ‘గివెన్ నేమ్’ గడిలో మిగతా పేరంతా. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి అంతా ఒకే గడిలో నింపడం చాలామంది చేసే పని. దయచేసి అలా చేయకండి. 2022 నవంబరులో యూఏఈ ఇలా ఒక్క గడిలోనే పేరున్న పాస్‌పోర్టుల మీద ఆంక్షలు పెట్టింది. మారిషస్‌కు దుబాయ్ మీదుగా వెళ్తూ అక్కడ రెండు రోజులు ఆగుదామనుకునేవాళ్లకు అది ఇబ్బందే.

పెళ్లయిన ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. మా వదిన టెన్త్ సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఆమె రెండు రాత్రులు నిద్రపోలేదు, అంత టెన్షన్ పడింది. నిజానికి పెళ్లయినంత మాత్రాన ఇంటిపేరు మార్చుకోవాలన్న రూలు పాస్‌పోర్టుకు లేదు. పుట్టింటి పేరే ఉంచుకుని, భర్త పేరు గడిలో భర్త పేరు రాస్తే సరిపోతుంది. అత్తింటి పేరే కావాలంటే పెళ్లి సర్టిఫికెట్, లేదా భార్యాభర్తలు కలిసి దిగిన ఫొటో అంటించి ఇద్దరూ సంతకాలు చేసే అనెగ్జర్ జె అనే పత్రం ఇవ్వాలి. ఏ పేరుతో వెళ్తారో ఒక్కటి తేల్చుకోండి. ఆధార్, పాన్ ఆ పేరుకు తెచ్చుకున్నాకే ఫారం ముట్టుకోండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మొత్తం మీద రెండుసార్లే. పుట్టిన తేదీ అయితే ఒక్కసారే. అందుకని తొందరపడకుండా, అక్షరం అక్షరం చూసి మార్పించుకోండి. వదిన పుట్టింటి పేరుకే ఆధార్ మార్పించుకుంది. పాస్‌పోర్టు ఏ అడ్డూ లేకుండా వచ్చింది.

కావలసిన కాగితాలు

పుట్టిన తేదీకి: 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది. అంతకుముందు పుట్టినవాళ్లకు బర్త్ సర్టిఫికెట్, టెన్త్ సర్టిఫికెట్, టీసీ, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, తేదీ ఉన్న జీవిత బీమా బాండు లాంటి వాటిలో ఏదో ఒకటి. బడికి వెళ్లని మన పెద్దవాళ్లకు పాన్ గానీ ఓటరు కార్డు గానీ పనికొస్తుంది. ఆ రెంటిలోనూ ఒకే తేదీ ఉందో లేదో చూడండి.

చిరునామాకు: ఆధార్, ఓటరు కార్డు, కరెంటు బిల్లు, గ్యాస్ కనెక్షన్ కాగితం, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్.

ఇక్కడ మన దగ్గర ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. అమలాపురం వాళ్లు కోనసీమ జిల్లాలోకి వెళ్లారు, భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది, ఏలూరు విడిగా జిల్లా అయింది. పాత ఆధార్ కార్డుల్లో ఇంకా పాత జిల్లాలే ఉన్నాయి. వీలైతే ముందే చిరునామా అప్‌డేట్ చేయించుకోండి. ఫారంలో జిల్లా, పోలీస్ స్టేషన్ ఎంచుకునే చోట మీ ఊరు ఇప్పుడు ఏ స్టేషన్ కిందకు వస్తుందో కనుక్కుని పెట్టండి. స్టేషన్ తప్పుగా పెడితే ఫైలు వేరే ఊరికి పోయి, తిరిగి రావడానికి రోజులు పడుతుంది.

పదో తరగతి పాసైనవాళ్లు ఆ సర్టిఫికెట్ తప్పక తీసుకెళ్లండి. అది చూపిస్తే ఈసీఆర్ (పనికి వెళ్లే ముందు వలస అనుమతి తీసుకోవాలనే) ముద్ర పడదు. ఆ ముద్ర 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లేవాళ్లకు సంబంధించింది. విహారయాత్రకు అడ్డం కాకపోయినా, రేపు ఎవరైనా గల్ఫ్‌కు పనికి వెళ్లాలంటే తేడా తెలుస్తుంది.

ఫారం, ఫీజు

వెబ్‌సైటు పాస్‌పోర్ట్‌ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్, లేదా ఎంపాస్‌పోర్ట్ సేవా యాప్. చివర ‘గవ్ డాట్ ఇన్’ లేకపోతే అది ప్రభుత్వానిది కాదు. అచ్చం అలాగే కనపడే దొంగ సైట్లు ఎక్కువ డబ్బు గుంజుతున్నాయి, జాగ్రత్త.

ఖాతా తెరిచి, విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయాన్ని ఎంచుకుని, ‘ఫ్రెష్ పాస్‌పోర్ట్’ నొక్కండి. పేజీలు 36 చాలు. పెద్దవాళ్లకు ఫీజు 1,500 రూపాయలు, పద్దెనిమిది లోపు పిల్లలకు 1,000. మొదటిసారి తీసుకునే ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, అరవై దాటినవాళ్లకు పది శాతం తగ్గింపు ఉంది. అంటే భార్యాభర్తలు, పదేళ్ల పిల్ల, అరవై మూడేళ్ల నాయనమ్మ ఉన్న ఇంటికి మొత్తం 5,350. తత్కాల్‌కు ఒక్కొక్కరికి ఇంకో 2,000 అదనం. సంక్రాంతికే మొదలుపెడితే ఆ ఖర్చు అక్కర్లేదు. పెద్దవాళ్ల పాస్‌పోర్టు పదేళ్లు, పిల్లలది ఐదేళ్లు గానీ పద్దెనిమిది నిండేదాకా గానీ, ఏది ముందైతే అది.

డబ్బు కట్టాక అపాయింట్‌మెంట్ స్లాట్ ఎంచుకోవాలి. భీమవరంలో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, కొన్ని పోస్టాఫీసుల్లోనూ కేంద్రాలున్నాయి. అన్నీ లిస్టులో కనపడతాయి, ముందు తేదీ ఎక్కడ దొరికితే అక్కడ తీసుకోండి. తేదీ కుదరకపోతే ఏడాదిలో మూడుసార్లు మార్చుకోవచ్చు.

అపాయింట్‌మెంట్ రోజు

ఒరిజినల్స్ అన్నీ, ఒక్కోదానికి సంతకం పెట్టిన జెరాక్స్ తీసుకెళ్లండి. ఫొటో అక్కడే తీస్తారు. నాలుగేళ్ల లోపు పిల్లలకు మాత్రం తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో మీరే పట్టుకెళ్లాలి. పిల్లలకు తల్లిదండ్రుల సంతకాలతో అనెగ్జర్ డి అనే అంగీకార పత్రం, తల్లిదండ్రుల పాస్‌పోర్టులు ఉంటే వాటి కాపీలు కూడా. టోకెన్ ఇస్తారు, వరసగా ఎ, బి, సి కౌంటర్లు. మొదటి దాంట్లో స్కానింగ్, ఫొటో, వేలిముద్రలు. తర్వాతి రెంటిలో అధికారులు కాగితాలు సరిచూస్తారు.

మా అమ్మ చేతులు నలభై ఏళ్లు కొబ్బరి పీచు తీసిన చేతులు. బొటనవేలి మీద గీతలు దాదాపు అరిగిపోయాయి. యంత్రం మీద వేలు పెడితే ఎర్రలైటే వెలుగుతోంది. అమ్మ వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుని, “నా వల్ల మీ అందరి ప్రయాణం ఆగిపోద్దేమోరా” అంది. కౌంటర్‌లో అమ్మాయి తడిగుడ్డతో అమ్మ వేలు తుడిచి, గట్టిగా నొక్కకుండా మెల్లగా ఆనించమంది. మూడోసారికి పడింది. ఇంట్లో ఇలాంటి చేతులున్న పెద్దవాళ్లుంటే వారం ముందు నుంచి రాత్రిళ్లు కొబ్బరినూనె రాయించండి. ఆ రోజు పొద్దున మాత్రం సబ్బుతో కడిగి జిడ్డు లేకుండా తీసుకెళ్లండి.

పోలీస్ వెరిఫికేషన్

ఫారంలో రాసిన ఇంట్లో మీరు నిజంగా ఉంటున్నారా, మీ మీద కేసులున్నాయా అని చూస్తారు. స్టేషన్ నుంచి ఫోన్ వస్తే ఎత్తండి, తెలియని నంబరని వదిలేయకండి. ఆధార్, ఫొటోలు, కాగితాల కాపీలు సిద్ధంగా పెట్టుకోండి. ఇరుగుపొరుగు ఇద్దరికి ముందే చెప్పి ఉంచండి. దీనికి విడిగా ఫీజు లేదు. పిల్లాడు విజయవాడ హాస్టల్‌లో ఉంటే ఏ చిరునామా రాయాలా అన్నది ముందే ఆలోచించుకోవాలి, ఎందుకంటే వెరిఫికేషన్ జరిగేది ప్రస్తుత చిరునామాలోనే.

తర్వాత పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వస్తుంది. పోస్ట్‌మ్యాన్ దాన్ని దరఖాస్తుదారు చేతికే ఇస్తాడు. కవరు విప్పగానే పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు అక్షరం అక్షరం చదవండి. తప్పుంటే అప్పుడే చెప్పాలి. అన్నీ సరిగ్గా ఉంటే ఇప్పుడు టికెట్ కొనండి. పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో టికెట్‌లో అచ్చం అలాగే ఉండాలి.

దీవిలో దిగేటప్పుడు

విహారయాత్రకు వెళ్లే మనవాళ్లకు మారిషస్‌కు గానీ మాల్దీవులకు గానీ ముందుగా వీసా అక్కర్లేదు. మాల్దీవుల్లో దిగగానే 30 రోజుల వీసా ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి 96 గంటల లోపు ఐముగా అనే సైట్లో ట్రావెలర్ డిక్లరేషన్ నింపాలి, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. మారిషస్‌కు కూడా ఆన్‌లైన్ ట్రావెల్ ఫారం ఉంటుంది. ఇండొనేషియాలోని బాలికి మాత్రం దిగగానే ఇచ్చే వీసాకు 5 లక్షల రుపయా (అక్కడి కరెన్సీ, మన రూపాయి కాదు), పర్యాటక రుసుము 1.5 లక్షల రుపయా కట్టాలి. ఇంట్లో ఎవరికైనా పాత పాస్‌పోర్టు ఉంటే, ప్రయాణం నాటికి ఇంకా ఆరు నెలల గడువు ఉండేలా చూసుకోండి.

మామిడిపళ్లు, కొబ్బరికాయలు, మొక్కలు ఇంట్లోనే వదిలేయండి. పర్మిట్ లేని పళ్లను, మొక్కలను మారిషస్‌లో దిగగానే తీసేసుకుంటారు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితం మీద ప్రింట్ తీసి, పాస్‌పోర్టులతో కలిపి ఒకే కవర్లో పెట్టండి. ఆ కవరు చెక్-ఇన్ సామాన్లో కాకుండా ఇంటి పెద్ద చేతిసంచిలో ఉండాలి.